ముందు చెప్పి, తర్వాత తిప్పండి

పోయిన సంచికలో విజయవాడ, గుంటూరు రోడ్ల మీద మీకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఏంటో రాయమని పాఠకుల్ని అడిగాం. హారన్ల గురించి రాస్తారనుకున్నాం, పార్కింగ్ గురించి రాస్తారనుకున్నాం. తీరా చూస్తే ఉత్తరాల్లో చాలా భాగం ఇండికేటర్ గురించే. వేయనివాళ్ల మీద కోపం, వేసి ఆపనివాళ్ల మీద కోపం, వేసినా లెక్కచేయనివాళ్ల మీద ఇంకా కోపం. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయలేదు, ఊరూ పేటా మాత్రం ఉంచాం.

ప్రశ్న: ఈమధ్యే కారు నేర్చుకున్నాను. మలుపు దగ్గర ఇండికేటర్ వేయమని డ్రైవింగ్ స్కూల్లో చెప్పారు గానీ ఎంత ముందు వేయాలో చెప్పలేదు. మావారేమో బ్రేక్ మీద కాలు పెట్టాక వేస్తే చాలు, మరీ ముందే వేస్తే వెనకవాళ్లు కన్‌ఫ్యూజ్ అవుతారంటారు. ఏది కరెక్ట్? — ఒక గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: మరీ ముందే వేస్తే కన్‌ఫ్యూజన్ అన్న మాట కొన్నిచోట్ల నిజమేనమ్మా, దాని సంగతి కిందకి వచ్చాక చెబుతాను. బ్రేక్ తర్వాత వేస్తే చాలన్నది మాత్రం తప్పు, ప్రమాదం కూడా. ముందు అద్దం చూడాలి, తర్వాత ఇండికేటర్, ఆ తర్వాతే బ్రేక్, చివర్న స్టీరింగ్. ఈ వరుస ఎప్పుడూ మారకూడదు. బ్రేక్ ముందు పడితే వెనకున్నవాడికి కనిపించేది మీ ఎర్ర లైటు ఒక్కటే. కుక్క అడ్డొచ్చిందా, ఎవరైనా చెయ్యెత్తారా, పక్క సందులోకి తిరుగుతున్నారా, ఏమీ అర్థం కాదు. అర్థం కానివాడు స్పీడు తగ్గించడు, ఖాళీ ఎటు కనిపిస్తే అటు కోస్తాడు. మీరు తిరగబోయేది కూడా అటే అయిందనుకోండి, గుద్దేస్తాడు.

చిన్న లెక్క చూద్దాం. గంటకు 40 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది, 60లో అయితే దాదాపు 17 మీటర్లు. డ్రైవర్ ఒకదాన్ని చూసి, అదేంటో అర్థం చేసుకుని, బ్రేక్ మీద కాలు వేయడానికి రెండున్నర సెకన్లు పడుతుందని మన దేశంలో రోడ్లు డిజైన్ చేసే ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. అంటే మీ వెనక 40లో వచ్చేవాడు మీ ఇండికేటర్ చూసి కాలు కదిపేలోపే 28 మీటర్ల దాకా వచ్చేస్తాడు, బ్రేక్ పట్టి బండి నిదానించేది ఆ తర్వాత సంగతి. అందుకని ఊళ్లో అయితే మలుపుకి కనీసం 30, 40 మీటర్ల ముందు, హైవే మీద 80లో వెళ్తుంటే 100 మీటర్ల పైనే ముందు వేయండి. మీటర్లు అంచనా వేయడం కష్టం అనిపిస్తే లోపల వినిపించే టిక్ టిక్ లెక్కపెట్టండి. ఇండికేటర్ లైటు నిమిషానికి 60కి తగ్గకుండా, 120కి మించకుండా వెలిగి ఆరాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది కాబట్టి ఏ కారులోనైనా లైటు ఐదారుసార్లు వెలిగి ఆరాక బ్రేక్ తొక్కారంటే వెనకవాడికి కావలసిన టైము దొరికినట్టే.

ఇక మీవారి మాట. బందరు రోడ్డు మీద నుంచి లబ్బీపేట సందుల్లోకి తిరగాలనుకోండి, అక్కడ సందుకీ సందుకీ దూరం తక్కువ. మీకు కావలసింది రెండోది అయినప్పుడు మొదటిదానికంటే ముందే ఇండికేటర్ వేస్తే, ఆ మొదటి సందులోంచి బయటికొచ్చే స్కూటీ ఆవిడ మీరు లోపలికి వస్తున్నారనుకుని ముందుకి వచ్చేస్తుంది. అలాంటిచోట యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి నిదానంగా రండి, మొదటి సందు మొగ దాటుతుండగా వేయండి. స్పీడు ముందే తక్కువ కాబట్టి ఆ కొంచెం దూరమే సరిపోతుంది.

ప్రశ్న: రోజూ గుంటూరు నుంచి నరసరావుపేట వైపు బైక్ మీద ఉద్యోగానికి వెళ్తాను. ముందున్న లారీ కుడి ఇండికేటర్ వేస్తే 'సైడ్ ఇచ్చాడు, దాటెయ్' అని అర్థం అంటారు మా ఫ్రెండ్స్. మొన్న అలాగే దాటబోతే లారీ నిజంగానే కుడివైపు పెట్రోల్ బంకులోకి తిరిగింది. వెంట్రుకవాసిలో బతికాను. ఇంతకీ ఆ లైటుకి అర్థం ఏంటి? — ఒక ప్రైవేటు ఉద్యోగి, గుంటూరు

జవాబు: చట్టం ప్రకారం దాని అర్థం ఒక్కటే, ఆ బండి కుడికి తిరుగుతోంది, లేదా కుడికి జరుగుతోంది. అంతే. మీ ఫ్రెండ్స్ చెప్పింది డ్రైవర్ల మధ్య వాడుకలో ఉన్న పద్ధతి, చట్టంలో లేనిది. మీరు క్షేమంగా బయటపడ్డారు, సంతోషం. కానీ ఈ ఒక్క పద్ధతి ఎంత ప్రమాదమో అందరికీ తెలియాలి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

రెండు వరసల రోడ్డు మీద నిండు లోడుతో వెళ్లే లారీ వెనక ఉన్నవాడికి ముందు ఏముందో కనిపించదు, లారీ డ్రైవర్‌కి కనిపిస్తుంది. అందుకని పాతరోజుల్లో డ్రైవరో క్లీనరో చెయ్యి బయట పెట్టి రమ్మన్నట్టు ఊపేవాళ్లు. నిబంధనల్లో కూడా దానికో సిగ్నల్ ఉంది, కుడిచెయ్యి అడ్డంగా చాపి ముందుకీ వెనక్కీ ఊపితే వెనకవాణ్ణి దాటమని అర్థం. ఆ చెయ్యి చేసే పనిని ఇప్పుడు కొందరు కుడి ఇండికేటర్‌తో చేస్తున్నారు. ఇంకొందరు అదే మాట చెప్పడానికి ఎడమ ఇండికేటర్ వేస్తారు. మరికొందరు 'ఎదురుగా బండి వస్తోంది, రావద్దు' అని చెప్పడానికి కుడి ఇండికేటర్ వేస్తారు. మన రోడ్ల మీద ఏ రాష్ట్రం లారీ అయినా తిరుగుతుంది, ఎవరి అలవాటు వాళ్లది. 'రా' అన్నదానికీ 'రాకు' అన్నదానికీ 'నేను తిరుగుతున్నా' అన్నదానికీ ఒకటే లైటు అయినప్పుడు, దాన్ని నమ్మి కుడిపక్కకి బైక్ దించడం అంటే ప్రాణం పందెం పెట్టడమే.

కాబట్టి లైటుని కాదు, లారీని చూడండి. నిజంగా సైడ్ ఇచ్చేవాడు ఎడమ అంచుకి జరుగుతాడు, స్పీడు పెంచడు. తిరగబోయేవాడు మధ్య గీత వైపుకి వస్తాడు, స్పీడు తగ్గుతుంది, బ్రేక్ లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. కుడివైపు ముందు ఏముందో కూడా చూడండి. బంకు గానీ, డాబా గానీ, కాటా గానీ, కోల్డ్ స్టోరేజీ గేటు గానీ, ఊళ్లోకి వెళ్లే రోడ్డు గానీ ఉంటే ఆ లారీ తిరుగుతోందనే అనుకోండి. నాలుగు వరసల హైవే మీదైతే డివైడర్ గ్యాప్ దగ్గర కుడి ఇండికేటర్ వేసిన లారీ యూటర్న్ కొట్టబోతోందని లెక్క. పొడుగు బండి కాబట్టి తిరిగేటప్పుడు రోడ్డు మొత్తం తీసుకుంటుంది, వెనక భాగం పక్కకి ఊగుతుంది, అప్పుడు మీరు కుడిపక్కన ఉన్నా ఎడమపక్కన ఉన్నా ఇరుక్కుపోతారు.

ఇంకోటి, లారీ వెనక అంటుకుని వెళ్లకండి. లారీ అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనపడటం లేదంటే ఆయనకి మీరూ కనపడటం లేదు. వెనక్కి తగ్గితే రోడ్డు కనిపిస్తుంది, ఎదురుగా ఎంత దూరం ఖాళీ ఉందో మీ కళ్లతో మీరే చూసుకోవచ్చు. చూసుకుని, హారన్ కొట్టి, రాత్రయితే డిప్పర్ ఇచ్చి (అంటే హెడ్‌లైటు ఒకసారి మెరిపించి), ఆయన ఎడమకి జరిగాకే దాటండి. కనపడకపోతే ఆగండి, ఎవరు రమ్మన్నా సరే.

లారీ డ్రైవర్లకి కూడా ఒక మనవి. మీరు మంచి మనసుతోనే సైడ్ ఇస్తున్నారు, ఎన్నో వేల కిలోమీటర్లు తిరిగిన అనుభవం మీది. కానీ వెనకున్న కుర్రాడి బండి ఎంత పికప్ తీసుకుంటుందో, అతనికి ఎంత అనుభవం ఉందో మీకు తెలీదు కదా. సైడ్ ఇవ్వాలంటే ఎడమకి జరిగి, స్పీడు కొంచెం తగ్గించండి చాలు, లైటు వేయకండి. ఆ లైటుని నిజంగా తిరిగేటప్పటికి ఉంచండి.

ప్రశ్న: పదిహేనేళ్లుగా ఆటో తోలుతున్నాను. పేపర్లో చూసినా ఎక్కడ చూసినా ఆటోవాళ్లకి బుద్ధి లేదనే రాస్తారు. ఇండికేటర్ వేస్తే ఎవరూ చూడరు సార్, చెయ్యి చాపితేనే ఆగుతారు. చెయ్యి చూపిస్తే సిగ్నల్ కాదా? కొంతమంది కాలు చాపుతారు, అది కూడా తప్పేనా? — ఆటో డ్రైవర్, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

జవాబు: చెయ్యి సిగ్నలే, అందులో అనుమానం లేదు. మీ కోపం కూడా న్యాయమైనదే, ఇండికేటర్ వేయని కార్లు బెంజి సర్కిల్ దగ్గర కాసేపు నిలబడితే ఎన్నో కనిపిస్తాయి, వాళ్ల గురించి రాసేవాళ్లు తక్కువ. కాకపోతే చేతి సిగ్నల్స్‌కీ ఒక పద్ధతుంది. కుడికి తిరగాలంటే కుడిచెయ్యి అడ్డంగా బయటికి చాపి అరచెయ్యి ముందుకి పెట్టాలి. ఎడమకి అయితే అదే కుడిచేతిని చాపి గడియారం ముళ్లు తిరిగే దిక్కుకి వ్యతిరేకంగా గుండ్రంగా తిప్పాలి. నిదానిస్తున్నారంటే అరచెయ్యి కిందికి పెట్టి పైకీ కిందికీ ఊపాలి, ఆపుతున్నారంటే ముంజెయ్యి నిలువుగా పైకెత్తాలి. ఎల్‌ఎల్‌ఆర్ కోసం ఇవన్నీ చదువుతాం, లైసెన్స్ చేతికొచ్చాక కుడిది తప్ప మిగతావి మర్చిపోతాం.

చిక్కు ఎక్కడంటే, మీరు ఎక్కువగా ఆపేది ఎడమపక్కన. ప్యాసింజర్ చెయ్యెత్తేదీ, దిగేదీ అటే. మీ చెయ్యి మాత్రం కుడిపక్కన ఉంటుంది. ఆటోకీ ఫుట్‌పాత్‌కీ మధ్య నుంచి దూరి వచ్చే స్కూటర్‌కి మీ చెయ్యి కనపడే అవకాశమే లేదు, కనపడేది ఎడమ ఇండికేటర్ ఒక్కటే. పైగా డ్రైవర్ సీట్లో అటొకరూ ఇటొకరూ కూర్చుంటే చెయ్యి చాపడానికి చోటే ఉండదు. చీకటి పడ్డాక చెయ్యి అసలే కనపడదు. అలాగని ఇండికేటర్ ఒక్కటే చాలని కూడా చెప్పను. రోహిణీ కార్తె ఎండలో, సాయంత్రం పూట సూర్యుడు నేరుగా వెనక లైట్ల మీద కొట్టేటప్పుడు బల్బు వెలుగుతోందో లేదో దగ్గరికొచ్చినా తెలీదు. అప్పుడు చెయ్యే మేలు. కుడికి తిరిగేటప్పుడు రెండూ ఇవ్వండి, ఎడమకి ఆపేటప్పుడు ఇండికేటర్ మానకండి. కాలు మాత్రం వద్దు. అది ఏ నిబంధనలోనూ లేదు, పక్కనుంచి పోయే బండి తగిలితే కాలు పోతుంది, ఇంటిల్లిపాదీ మీ మీదే ఆధారపడి ఉంటారు.

ఇందులో ప్యాసింజర్ల తప్పు కూడా ఉంది. దిగాల్సిన చోటు వచ్చాక 'ఆపు ఆపు' అని అరిస్తే ఏ డ్రైవరైనా ఇండికేటర్ వేసే టైము ఎక్కడుంటుంది? ఏలూరు రోడ్డు మీద వెళ్తున్నప్పుడు ముందు స్టాపు దాటగానే 'వచ్చే స్టాపులో దిగుతా' అని చెప్పండి. ఆటో పిలిచేటప్పుడు కూడా మలుపు మూలలో నిలబడకండి.

ప్రశ్న: మా బండికి ఎడమవైపు ఇండికేటర్ మామూలుగా కొట్టుకుంటుంది, కుడివైపు వేస్తే చాలా ఫాస్ట్‌గా కొట్టుకుంటుంది. ఎందుకు? — కానూరు

జవాబు: కుడివైపు ముందుదో వెనకదో ఒక బల్బు పోయింది. లైటుని వెలిగించి ఆర్పే ఫ్లాషర్ పాత రకమైతే బల్బులు లాగే కరెంటుని బట్టి పనిచేస్తుంది, ఒక బల్బు పోతే లాగే కరెంటు తగ్గి టిక్ టిక్ స్పీడు పెరుగుతుంది. మామూలు బల్బులు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టించుకున్నా ఇలాగే అవుతుంది, వాటికి తగిన ఫ్లాషర్ వేయించాలి. ఆటోనగర్‌లో ఏ ఎలక్ట్రీషియన్ షాపులోనైనా నిమిషాల్లో అయిపోయే పని, ఖర్చు కూడా తక్కువే. వాయిదా వేయకండి, ఎందుకంటే పోయింది వెనక బల్బు అయితే మీరు సిగ్నల్ ఇచ్చానని అనుకుంటూనే ఇవ్వకుండా తిరుగుతున్నారు.

ప్రశ్న: స్కూటీ మీద ఆఫీసుకి వెళ్తాను. కుడి ఇండికేటర్ వేసి పక్కకి జరగాలంటే వెనకవాళ్లు దారివ్వకపోగా కావాలనే స్పీడు పెంచుతారు. ఇండికేటర్ వేస్తే అడ్డుకుంటారు, వేయకుండా దూరిపోవడమే నయం అని మా ఆఫీసులో సలహా ఇస్తున్నారు. నాకూ అదే కరెక్టేమో అనిపిస్తోంది. — ఒక పాఠకురాలు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: ఆ సలహా వినకండి, దయచేసి. మీకు వచ్చిన విసుగు అర్థమవుతోంది, ఈ మాట రాసిన ఆడవాళ్లు మీరొక్కరే కాదు. కానీ వెనకనుంచి వచ్చేవాళ్లందరూ అలాంటివాళ్లు కాదు. పదిమందిలో ఇద్దరు స్పీడు పెంచుతారనుకుందాం, చెప్పకుండా దూరితే మిగతా ఎనిమిది మందికి కూడా మిమ్మల్ని తప్పించే అవకాశం తీసేసినట్టవుతుంది కదా.

చేయాల్సింది ఇది. చుట్టుగుంట సెంటర్ దగ్గరో ఇంకెక్కడో కుడికి తిరగాలంటే, ఎడమ అంచున వచ్చి మలుపు దగ్గర ఒక్కసారిగా రోడ్డంతా కోసుకుంటూ వెళ్లడం చాలామంది చేసే పని, వెనకవాళ్ల కోపానికి సగం కారణం అదే. వంద మీటర్ల ముందే అద్దం చూసి, ఇండికేటర్ వేసి, ఒక్క క్షణం కుడి భుజం మీదుగా తల తిప్పి చూడండి, అద్దంలో కనపడని చోటు ఒకటి ప్రతి బండికీ ఉంటుంది. ఖాళీ ఉంటే కొంచెం జరగండి, మళ్లీ చూడండి, మళ్లీ జరగండి. అలా రోడ్డు మధ్యకి చేరుకుని ఇండికేటర్‌తో ఉన్నారంటే, ఇక మీ వెనకవాళ్లు మిమ్మల్ని ఎడమవైపు నుంచే దాటాలి, కుడినుంచి కాదు. మామూలుగా ఎడమనుంచి దాటకూడదన్న నియమానికి చట్టమే ఇచ్చిన మినహాయింపు ఇది. తల తిప్పి చూడటంలో ఇంకో లాభం కూడా ఉంది, మీ మొహం కనపడగానే చాలామంది తగ్గుతారు. అయినా ఎవరూ దారివ్వకపోతే పంతానికి పోకండి. నేరుగా వెళ్లి వచ్చే సెంటర్లో తిరిగి రండి, లేదా ఎడమపక్కన ఆపి ఖాళీ అయ్యాక దాటండి. ఇండికేటర్ వేశాం కాబట్టి దారి మనదే అని ఎక్కడా లేదు, అది అడగడం మాత్రమే.

ఇక స్పీడు పెంచేవాళ్లకి. ముందున్న మనిషి చట్టం చెప్పినట్టు, మర్యాదగా, ముందుగా చెప్పి దారి అడుగుతున్నారు. యాక్సిలరేటర్ కొంచెం వదిలితే మీకు పోయేది రెండు మూడు సెకన్లు, అవి కూడా ముందు రెడ్ సిగ్నల్ దగ్గర ఎలాగూ పోయేవే. వాళ్లని అడ్డుకున్న ప్రతిసారీ ఇంకో మనిషికి ఇండికేటర్ వేయకూడదని మీరే నేర్పుతున్నారు, రేపు మీ ఇంట్లో పిల్లలు అదే రోడ్డు మీద స్కూటీ నడపాలి. దారిచ్చేటప్పుడు డిప్పర్ కొట్టకండి, మన దగ్గర డిప్పర్ కొడితే 'ఆగు, నేను వస్తున్నా' అని అర్థం చేసుకునేవాళ్లే ఎక్కువ. స్పీడు తగ్గించి చేత్తో వెళ్లమని చూపించండి. దారి తీసుకున్నవాళ్లు కూడా ఒక చెయ్యి ఎత్తి వెళ్లండి, ఇచ్చినవాళ్లు మళ్లీ ఇంకొకరికి ఇస్తారు.

ప్రశ్న: రామవరప్పాడు రింగ్ లాంటి పెద్ద సెంటర్లలో నేరుగా వెళ్లేటప్పుడు నాలుగు ఇండికేటర్లూ వేయాలని ఒకరు చెప్పారు. సంక్రాంతి టైములో హైదరాబాద్ రోడ్డు మీద పొగమంచులో కూడా అందరూ అవే వేసుకుని నడుపుతున్నారు. కరెక్టేనా? — గుణదల

జవాబు: రెండూ తప్పే. మీ ఎడమపక్కనున్న ఆటో అతనికి మీ నాలుగు లైట్లు కనపడవు, ఎడమవైపువే కనపడతాయి, అంటే మీరు తన మీదకి తిరుగుతున్నారని అనుకుంటాడు. కుడిపక్కవాడు దానికి రివర్సులో అనుకుంటాడు. నేరుగా వెళ్లేవాడు ఏ లైటూ వేయక్కర్లేదు, వేయకపోవడమే నేరుగా వెళ్తున్నాడని గుర్తు. ఇక నందిగామ, కంచికచర్ల వైపు జనవరి తెల్లవారుజామున మంచు దట్టంగా ఉన్నప్పుడు హెడ్‌లైటు లో బీమ్‌లో పెట్టి, ఫాగ్ లైట్లుంటే అవి వేసి, స్పీడు తగ్గించండి. నాలుగూ కొట్టుకుంటుంటే మీరు లేన్ మారుతున్నా ఆ సంగతి వెనకవాడికి చెప్పే దారి లేదు, ఆగిపోయిన బండి ఏదో కదిలే బండి ఏదో కూడా తెలీదు. బండి చెడిపోయి రోడ్డు పక్కన ఆపాల్సి వస్తే అప్పుడు వేయండి, వాటిని పెట్టిందే అందుకు.

ప్రశ్న: మేం ట్రాక్టర్ మీద మిర్చి టిక్కీలు (బస్తాలు) గుంటూరు యార్డుకి తోలతాం. ట్రాక్టర్‌కి ఇండికేటర్ ఉంది గానీ లోడు వేశాక వెనకవాళ్లకి కనపడదు. రాత్రిళ్లు భయంగా ఉంటోంది. ఏం చేయాలి? — ఒక రైతు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా

జవాబు: మీరు అడిగినందుకు చాలా సంతోషం, సీజన్లో యార్డుకి వెళ్లే దారుల్లో ఇదే పెద్ద భయం. ట్రాక్టర్ లైట్లు కాదు, వెనక తగిలించే ట్రక్కుకి (ట్రైలర్‌కి) లైట్లు ఉండాలి. చాలా ట్రక్కులకి కొన్నప్పుడు ఉంటాయి, ట్రాక్టర్ నుంచి వచ్చే వైరు తెగిపోతే మళ్లీ కలిపేవాళ్లు ఉండరు. లోడు ఎత్తేముందు ఒక మనిషిని వెనక నిలబెట్టి రెండువైపులా వేసి చూడండి. టిక్కీలు కట్టాక మీద కప్పిన పట్టా అంచు, తాడు చివర్లు లైట్ల మీదకి వేలాడకుండా పైకి మడిచి కట్టండి, నేను చూసినవాటిలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ట్రక్కు వెనక చెక్కకి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటించండి, కరెంటు లేకపోయినా వెనక బండి లైటు పడితే మెరుస్తుంది. చెయ్యి చూపించడం మీ విషయంలో పనిచేయదు, మీరు కూర్చునేది లోడుకి ముందు కాబట్టి. చెప్పడానికని మనిషిని లోడు మీద కూర్చోబెట్టొద్దు. కుడికి తిరగాల్సినచోట లైట్ల మీద నమ్మకం లేకపోతే ఎడమపక్కకి పూర్తిగా తీసి ఆపి, వెనకవాళ్లందరూ పోయాక, రెండువైపులా చూసి తిరగండి. రెండు నిమిషాలు ఆలస్యమైనా యార్డు ఎక్కడికీ పోదు.

ప్రశ్న: నా చిన్నప్పుడు కొన్ని కార్లకి లైటు బదులు పక్కనుంచి చిన్న చెయ్యిలాంటిది లేచేది. మనవడికి చెబితే నమ్మడం లేదు. — విశ్రాంత ఉద్యోగి, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: మీరు చెప్పింది నిజమే, మనవడికి ఈ పేజీ చూపించండి. వాటిని ట్రాఫికేటర్లు అనేవాళ్లు. తలుపుల మధ్య స్తంభంలో దాగి ఉండి, స్విచ్ వేస్తే ఎటు తిరిగితే అటువైపుది బయటికి లేచి వెలిగేది. మోరిస్ మైనర్ లాంటి పాత బ్రిటిష్ కార్లకి ఉండేవి. అమెరికాలో బ్యూక్ కంపెనీ 1939 మోడల్ నుంచే మిణికే లైట్లు పెట్టింది, తర్వాత్తర్వాత అన్నిచోట్లా అవే వచ్చాయి.

ప్రశ్న: ఇండికేటర్ వేయకపోతే ఫైన్ ఉందా? — తాడేపల్లి

జవాబు: ఉంది. తిరిగేముందు, ఆపేముందు సిగ్నల్ ఇవ్వాలని 1988 మోటారు వాహనాల చట్టం 121వ సెక్షన్ చెబుతుంది. ఎలా నడపాలో వివరంగా చెప్పే డ్రైవింగ్ రెగ్యులేషన్స్ 2017లో వచ్చాయి. వాటిని ఉల్లంఘిస్తే 500 నుంచి 1000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 2019 సవరణలో 177ఏ అనే సెక్షన్ చేర్చారు. హెల్మెట్‌కి ఆపినంతగా దీనికి ఆపడం కనపడదు. ఆపాలనే నా కోరిక, ముఖ్యంగా ఫ్లైఓవర్ దిగి సర్వీసు రోడ్డులో కలిసే చోట్ల.

ప్రశ్న: బైక్ ఇండికేటర్ ఆపడం మర్చిపోతున్నాను. కారులో దానంతటదే ఆగుతుంది కదా, బైక్‌కి ఎందుకు ఆగదు? — ఇంజనీరింగ్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కారులో మలుపు తిరిగాక స్టీరింగ్ వెనక్కి వచ్చేటప్పుడు లోపల ఉండే చిన్న మీట ఇండికేటర్ లివర్‌ని పక్కకి తన్నేస్తుంది. బైక్ హ్యాండిల్ అంతగా తిరగదు, బండిని వంచి తిప్పుతాం, అందుకే మామూలు బైకుల్లో ఆ ఏర్పాటు లేదు. కారులో కూడా లేన్ మారినప్పుడు స్టీరింగ్ కొంచెమే తిరుగుతుంది కాబట్టి దానంతటది ఆగదు, కారు నడిపేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఆపని ఇండికేటర్ అసలు వేయనిదానికంటే ప్రమాదం, ఎందుకంటే ఎదురుగా సందులోంచి వచ్చేవాడు మీరు తిరుగుతారని నమ్మి రోడ్డు మీదకి వచ్చేస్తాడు. బండి మళ్లీ నిటారుగా అయ్యి, గేరు మార్చేలోపు ఎడమ బొటనవేలితో స్విచ్‌ని ఒకసారి లోపలికి నొక్కడం అలవాటు చేసుకో, వేసి ఉన్నా లేకపోయినా నొక్కు, నష్టం ఏమీ లేదు. అయినా మర్చిపోతున్నావంటే బజర్ పెట్టించుకో, ఇండికేటర్ కొట్టుకున్నంతసేపూ బీప్ బీప్ అంటుంది. మెకానిక్‌కి చెబితే ఫ్లాషర్ వైరుకే కలిపి బిగిస్తాడు.